టార్గెట్ కొట్టినంక

ఎనిమిది వందల మిర్చిగింజల ప్యాకెట్లు అమ్మితే
కంపెనీ మమ్మల్ని థాయిలాండ్ తోల్కపోయింది.
సిరొంచ తాలూకా నుంచి నలుగురం:
సడవలి, నాందేవు, అంకీస బానయ్య, నేను.
నాగపూర్ దాకా బస్సుల పన్నెండు గంటలు,
సముద్రం దాటుడు నాలుగే గంటలు.
గుంతలు లేని తొవ్వ మబ్బుల్లనే ఉన్నదని
కిటికీకి ముక్కు ఆనిచ్చి బానయ్య తీర్పు చెప్పిండు.

వచ్చి పదిరోజులాయె.
నా దుకాణం ముందటి బల్ల మీద
ఆ దేశం ఇంకా దిగుతనే ఉన్నది.
నాందేవు చెప్తే అది ఏడంతస్తుల బజారు,
మనం నిలవడితే మెట్లే నడుస్తయి.
సడవలి చెప్తే గోడకు తగిలిచ్చిన చిన్న నీళ్ళపైపు.
"బాత్రూముల గది చూసినంకనే
నాకు ధైర్యమొచ్చింది, ఈ దేశంల బతకొచ్చు అని."
బానయ్య రాత్రి ముచ్చట్లు చెప్తడు,
నన్ను చూసి గొంతు తగ్గిస్తడు.
నేను తూకంరాళ్ళు సదురుతున్నట్టు చేసి అన్నీ వింట.
అంత ఏం జరగలే.
తొమ్మిదింటికే కాళ్ళు వాసినయని
ఉప్పునీళ్ళల్ల పెట్టుకుని కూసున్నడు,
బకెట్ అడగనీకి నన్నే తోలిండు.

నన్నడిగితే ఏం చెప్పాలె.

అన్నం తినే హాల్ల మా సంగతి తేలలే.
వరంగల్ డీలర్లు అన్నరు:
"మీరు మహారాష్ట్రోళ్ళు గదా, తెలుగు ఎప్పుడు నేర్చిండ్రు?"
"మా అవ్వ కడుపుల" అన్న.
నాశికోళ్ళ బల్లకాడికి పోతే
మా మరాఠీ విని నవ్వు ఆపుకున్నరు.
నలుగురం పళ్ళాలు పట్టుకుని
స్తంభం పక్కకు పోయి తిన్నం.
గ్లాసుల్ల నీళ్ళు పోసే పిల్లగాడు
"ఇండియా?" అన్నడు.
అవునన్నం.
ఇంకో ప్రశ్న అడగలే వాడు.

నది చెప్పొచ్చు.
ఊరి నడుమ ఎర్రమట్టి నీళ్ళు,
భాద్రపదంల మన ప్రాణహిత లెక్క.
పొడుగు పడవ ఎక్కంగనే అందరు ఫోన్లు తీసిండ్రు.
నేను కొంగు నోట్లె కరుచుకుని చెక్కను పట్టుకున్న.
వంతెన పడకముందు ఒక రాత్రి
జరమొచ్చిన మా తమ్ముణ్ణి చాపల చుట్టి
ఆవలి ఒడ్డు దవాఖానకు నాటుపడవల పోయినం.
పడవల ఊరిన నీళ్ళు చెంబుతోటి తోడి పోసుకుంట
మా అవ్వ రాష్ట్రం దాటింది.
ఎవ్వరు ముద్ర కొట్టలే.

ఒడ్డు మీది అంగట్ల ఒకామె
మిరపకాయలు కుప్పవోసి ఏరుతున్నది.
తాలుకాయ ఒక పక్కకు, మంచిది ఒక పక్కకు.
నేను ఒకటి తుంచి గింజ వేలిమీద పెట్టి చూసిన.
నా వేలు చూసి ఆమెకు సమజైంది.
తను కూడ ఒకటి తుంచింది.
ఇద్దరం శానసేపు గింజలు చూసినం.
గైడు వచ్చి పిలిచిండు,
అందరు బస్సుల కూసున్నరట.

ఇయ్యాల పొద్దుగాల తలండి బుచ్చన్న వచ్చిండు.
పోయినేడు ఉద్దెర పన్నెండు ప్యాకెట్లు.
మొక్క మోకాలెత్తు అయినంక
ఎగదన్నిన నీళ్ళల్ల చేను మునిగింది.
పైసల మాట ఎత్తలే.
చెప్పులు బయట ఇడిచి,
"అక్కడ వానలు పడ్డయా బిడ్డా?" అన్నడు.
పడ్డది, నాలుగో దినం పొద్దుమూకి, మంచిగనే పడ్డది అన్న.
"మంచిదే" అన్నడు,
ఆ రైతులు తనకు సుట్టాలైనట్టు.

నీ పన్నెండు ప్యాకెట్లు కూడ
ఆ ఎనిమిది వందలల్లనే ఉన్నయి బుచ్చన్నా,
అనాలనుకున్న.
అనలే.
గల్లపెట్టె తీసి పాస్‌పోర్టు చూపిచ్చిన.
పేజీ తిప్పి, ముద్ర మీద బొటనవేలుతోటి
మెల్లగ రుద్ది చూసిండు, రంగు అంటుతదేమో అని.
"నీ పుస్తకంల నా వేలిముద్ర లెక్కనే ఉన్నది" అన్నడు.
నవ్వుకుంటనే అన్నడు.

వచ్చే ఏడు దుబాయంట.
పన్నెండు వందల ప్యాకెట్లు.